టీవీ సైన్స్ ఫిక్షన్‌లో మనసు చదివే పాత్రను రాయడం ఎలా

మనసు చదివే పాత్ర ఒకటి సిరీస్‌లో ఉండాలనుకోగానే రచయితలు ముందుగా తేల్చుకునేది ఆ పాత్రకు ఎంత వినిపిస్తుందన్న సంగతి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: అంతా విన్నాక కూడా ఆ పాత్రకు తెలియకుండా మిగిలిపోయేదేమిటి? మొదటి ప్రశ్నకు జవాబు రాస్తే చేతికి ఒక శక్తి వస్తుంది. కథలు మాత్రం రెండోదాంట్లోంచే వస్తాయి.

టీవీలో ఈ చిక్కు మరీ ఎక్కువ. సినిమాకు ఒక్క రహస్యాన్ని రెండు గంటలు కాపాడితే చాలు. సిరీస్‌లో ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి దాస్తూనే ఉండాలి. హంతకుడు, గూఢచారి, ప్రేమ బయటపెట్టలేనివాడు, అందరూ మీ టెలిపాత్ (మనసు చదివే పాత్ర) పక్కనే తిరుగుతుంటారు. "రెండో సీన్‌లోనే వాడి మనసు చదివేయొచ్చుగా?" అని చూసేవాళ్లు అడుగుతారు. అప్పటికప్పుడు దొరికే సాకులు మూడే: టెలిపాత్‌కు స్పృహ తప్పింది, ఆమె వేరే అంతరిక్ష నౌకలో ఉంది, ఈ విలన్ మనసు మాత్రం ఎందుకో అందడం లేదు. ఒకసారి నడుస్తుంది. రెండోసారి అనుమానం వస్తుంది. మూడోసారి నవ్వుతారు.

అందుకే కింది పనులను పైలట్ ఎపిసోడ్ (సిరీస్ మొదటి ఎపిసోడ్) రాయకముందే మొదలుపెట్టండి.

1. నియమాల పేజీ రాయండి

షో బైబిల్‌లో, అంటే సిరీస్ పాత్రలూ నియమాలూ రాసిపెట్టుకునే పుస్తకంలో, దీనికి ఒక్క పేజీ కేటాయించండి. ఒక్క పేజీలో పట్టకపోతే నియమాలు ఎక్కువైపోయాయని అర్థం. రైటర్స్ రూమ్‌లో ఎవరికీ గుర్తుండవు. ఆ పేజీ కింది ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఎంత దూరం? "దగ్గరగా ఉంటే" అని వదిలేయకండి. "పది అడుగులు, మధ్యలో గోడ ఉంటే లేదు" అని రాయండి. దర్శకుడు నటులను ఎక్కడ నిలబెట్టాలో ఆ అంకెను బట్టే తెలుస్తుంది. 1966లో 'స్టార్ ట్రెక్' మొదటిసారి చూపించిన మనోసంధానానికి, అంటే వల్కన్ అనే గ్రహాంతర జాతివాళ్లు ఎదుటివారి మనసుతో కలవడానికి, చెయ్యి మొహానికి తగలాలి. ఆ ఒక్క షరతుతో బోలెడు పని జరిగింది: దూరం నుంచి చదవడం కుదరదు, దొంగతనంగా చదవడం కుదరదు, పైగా కెమెరాకు చూపించడానికి ఒక చేష్ట దొరికింది.

ఏ రూపంలో వస్తుంది? మాటలా, బొమ్మలా, ఉద్వేగమా? 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్'లో డయానా ట్రాయ్ సగం బెటజాయిడ్ (మనసు చదివే గ్రహాంతర జాతి), ఆమెకు ఎదుటివారి ఉద్వేగాలు మాత్రమే అందుతాయి. పూర్తి బెటజాయిడ్ అయిన తల్లి లక్సానాకు ఆలోచనలే వినిపిస్తాయి. ఒకే జాతిలో రెండు స్థాయిలు ఉండటంతో ఎవరిని ఎప్పుడు సీన్‌లోకి తేవాలన్న వెసులుబాటు రచయితలకు దొరికింది.

కావాలనుకుంటే వినడమా, వద్దన్నా వినిపించడమా? ఈ రెంటికీ వేర్వేరు పాత్రలు పుడతాయి. మొదటిదానికి నైతిక ప్రశ్న ఉంటుంది, రెండోదానికి నరకం ఉంటుంది. అదే సిరీస్‌లో 1990లో వచ్చిన 'టిన్ మాన్' ఎపిసోడ్‌లోని టామ్ ఎల్‌బ్రన్‌కు పుట్టుకతోనే ఈ శక్తి ఉంది, ఆపుకోవడం చేతకాదు. ఓడలో అతనికి హాయిగా అనిపించే తోడు డేటా అనే ఆండ్రాయిడ్ (మనిషి రూపంలోని యంత్రం) ఒక్కడే, ఎందుకంటే అతని మనసు ఇతనికి వినిపించదు. శక్తికి మూల్యం ఏమిటో చెప్పడానికి ముక్కులోంచి రక్తం కారాల్సిన పనిలేదు. ఎవరితో ఉంటే ప్రశాంతంగా ఉంటుందో చూపిస్తే చాలు.

ఏ భాషలో? గ్రహాంతరవాసి ఆలోచన మీ పాత్రకు అర్థమవుతుందా? అవుతుందంటే ఆ షోలో అనువాదం అనే సమస్య లేనట్టే. కాదంటే ఉద్వేగం మాత్రం తెలిసి మాట తెలియని సీన్లు దొరుకుతాయి. రెండోదే మంచిదని మా అభిప్రాయం.

ఎవరి మనసు అందదు? జాతిని బట్టో శరీరాన్ని బట్టో తేల్చండి, ఎపిసోడ్ అవసరాన్ని బట్టి వద్దు. బెటజాయిడ్లు ఫెరెంగీలనే మరో గ్రహాంతర జాతి మనసు చదవలేరు. అది ఫెరెంగీ మెదడు నిర్మాణానికి సంబంధించిన సంగతి కాబట్టి ఎవరూ మోసమనుకోరు. అందని మనసు ఉందన్న విషయం దాని అవసరం పడే ఎపిసోడ్‌కు కనీసం రెండు ఎపిసోడ్ల ముందే, వేరే పని మీద, మాటవరసకు బయటపడాలి.

2. మనసులో నిజంగా ఏముంటుందో తెలుసుకోండి

ఎక్కువ స్క్రిప్టులు ఇక్కడే చెడతాయి. మనసంటే అబద్ధాలు లేని, వరసగా రాసిపెట్టిన డైరీ అన్న ఊహ మీద సీన్లు కడతారు. మనస్తత్వ శాస్త్రం చెప్పేది అది కాదు. అది చెప్పేది మీకే లాభం.

అమెరికాలో నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన రసెల్ హర్ల్‌బర్ట్ మనుషుల చేతికి బీపర్ ఇచ్చి, అది మోగిన క్షణంలో మనసులో ఏముందో రాయమన్నాడు. మనలో మనం మాట్లాడుకునే మాటలు సగటున నాలుగో వంతు క్షణాల్లోనే కనిపించాయి. కొందరిలో అసలే లేవు. మిగతావన్నీ బొమ్మలు, శరీర స్పర్శలు, ఉద్వేగాలు, మాటగానీ బొమ్మగానీ లేని వట్టి తలపులు. మరోపక్క, కళ్లు మూసుకుంటే మనసులో ఏ బొమ్మా కనపడనివాళ్లూ ఉన్నారు. ఆ స్థితికి 2015లో అఫాంటేషియా అని పేరు పెట్టారు. కాబట్టి ప్రతి పాత్ర మనసుకూ ఒకే రకం గొంతు పెట్టకండి. మీ నౌక నడిపే పైలట్ బొమ్మల్లో ఆలోచించవచ్చు, డాక్టరు మాటల్లో, ఇంజినీరు చేతివేళ్లలో. ఎవరిది ఏ రకమో పాత్రల పట్టికలో పేరు పక్కనే ఒక ముక్క రాసుకోండి. సీజన్ మధ్యలో ఒక మనసు హఠాత్తుగా వేరే రకంగా వినిపిస్తే లోపల ఉన్నది వేరే మనిషని ప్రేక్షకుడే కనిపెడతాడు. మీరు ఒక్క డైలాగూ రాయనక్కర్లేదు.

రెండోది, జ్ఞాపకం జరిగినదానికి నకలు కాదు. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో విద్యార్థులకు కారు ప్రమాదం వీడియో చూపించారు. "కార్లు తగిలినప్పుడు వేగం ఎంత" అని కొందరిని, "నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు ఎంత" అని ఇంకొందరిని అడిగారు. రెండో రకం ప్రశ్న విన్నవాళ్లు వేగం ఎక్కువ చెప్పారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అంటే మిగతావాళ్ల కంటే వాళ్లలోనే ఎక్కువమంది చూశామన్నారు. వీడియోలో గాజు పగలనే లేదు. ఇప్పుడు ఆ సాక్షి మనసును మీ టెలిపాత్ చదివిందనుకోండి. నేల మీద మెరిసే గాజు పెంకులు స్పష్టంగా కనపడతాయి. సాక్షి అబద్ధం చెప్పడం లేదు, టెలిపాత్ తప్పు చదవలేదు, అయినా గాజు లేదు. ఒక ఎపిసోడ్ మొత్తానికి సరిపడా సరుకు ఇందులో ఉంది.

మూడోది, చేసిన పనికి అసలు కారణం చేసినవాడికే తెలియకపోవచ్చు. నిస్బెట్, విల్సన్ 1977లో ప్రచురించిన పరిశోధనలో నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి మంచిది ఎంచమన్నారు. నాలుగూ ఒకటే. కుడి చివరదాన్నే ఎక్కువమంది ఎంచారు, అడిగితే నేత బాగుందన్నారు. అది ఉన్న చోటు వల్ల ఎంచానని ఒక్కరూ అనలేదు. వాళ్ల మనసులు చదివినా దొరికేది నేత గురించిన మాటే. "ఎందుకు చేశాడు?" అన్న ప్రశ్నకు మనసు చదవడం జవాబు కాదు; దొరికేది చేసినవాడు నమ్మిన కారణం మాత్రమే.

నాలుగోది, తలపు వేరు, ఉద్దేశం వేరు. దీన్ని టీవీ 1961లోనే వాడుకుంది. 'ద ట్వైలైట్ జోన్' సిరీస్‌లో ఒక బ్యాంకు గుమస్తాకు ఒకరోజు అందరి తలపులూ వినిపిస్తాయి. చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దాయన బ్యాంకు దోచుకుని పారిపోవాలని పథకం వేస్తున్నట్టు విని పై అధికారికి చెబుతాడు. సోదా చేస్తే ఏమీ దొరకదు. ఆ పెద్దాయన ఏళ్ల తరబడి కంటున్న పగటి కల అది, చేసే ధైర్యం ఎన్నడూ లేదు. సరిగ్గానే విన్నాడు, తప్పుగా అర్థం చేసుకున్నాడు. మీ సీజన్‌లో ఇలాంటి ఎపిసోడ్ ఒకటి, వీలైనంత ముందుగా, ఉండి తీరాలి. అది పడ్డాక టెలిపాత్ చెప్పే ప్రతి మాటనూ ప్రేక్షకుడు కాస్త అనుమానంతో వింటాడు.

3. ఆలోచన లైన్లు రాయండి

ముందు చెడ్డది చూద్దాం. అంతరిక్ష కేంద్రంలో ఆక్సిజన్ గది మూసుకుపోయి రవి అనే ఉద్యోగి చనిపోయాడు. టెలిపాత్ నీరజ ఇంజినీరు దామోదర్‌ను విచారిస్తోంది.

నీరజ: రాత్రి డ్యూటీలో ఎవరెవరున్నారు?
దామోదర్: నేనూ, రవీ.
దామోదర్ (ఆలోచన): తలుపు మూసింది నేనేనని, రవి నా వల్లే చనిపోయాడని ఈవిడకు తెలియకూడదు.
నీరజ: తలుపు మూసింది మీరే.

ఇలా ఎవరూ ఆలోచించరు. తనకు తెలిసిన సంగతిని తనకే పూర్తి వాక్యంలో చెప్పుకునేవాడు ఉండడు. మనలో మనం మాట్లాడుకునే మాట ముక్కలు ముక్కలుగా ఉంటుందని, ఎవరి గురించో తెలుసు కాబట్టి కర్త ఎగిరిపోయి క్రియ మాత్రం మిగులుతుందని రష్యన్ శాస్త్రవేత్త విగోట్‌స్కీ 1934లో వచ్చిన పుస్తకంలోనే వివరించాడు. పైగా ఈ సీన్ నాలుగు లైన్లలో చచ్చిపోయింది. మళ్లీ రాద్దాం.

నీరజ: రాత్రి డ్యూటీలో ఎవరెవరున్నారు?
దామోదర్: నేనూ, రవీ.
దామోదర్ (ఆలోచన): ...యాభై ఏడు. యాభై ఎనిమిది. చల్లగా. పిడి చల్లగా...
నీరజ: ఏం లెక్కపెడుతున్నారు?
దామోదర్: నేనేం మాట్లాడలేదే.
నీరజ అతని చేతుల వైపు చూస్తుంది. అరచేతికి అడ్డంగా ఎర్రటి గీత.

తనను అడ్డుకోవడానికే లెక్కపెడుతున్నాడని, కాబట్టి తప్పుచేశాడని నీరజ అనుకుంటుంది. ప్రేక్షకుడూ అలాగే అనుకుంటాడు. మూడో అంకంలో తెలుస్తుంది: గాలి పోతున్నప్పుడు అరవై లెక్కపెట్టి తలుపు మూయాలన్నది కేంద్రం నియమం. అతను రవి కోసం పిడి పట్టుకుని అరవై దాకా లెక్కపెట్టాడు, తర్వాత మూశాడు. అప్పటినుంచి ఆ లెక్క ఆగడం లేదు. వినిపించింది అక్షరాలా నిజం. అర్థం మాత్రం నీరజది.

ఇలాంటి లైను రాయడానికి ఒక పద్ధతి: ముందు ఆ పాత్ర దాస్తున్న సంగతిని ఒక వాక్యంలో రాయండి. అందులోంచి పేర్లు, కర్త, కారణం కొట్టేయండి. మిగిలినదానికి ఒక స్పర్శో వాసనో అంకెనో కలపండి. విన్నవాడికి దానికి కనీసం రెండు అర్థాలు తోచాలి. ఒకటే అర్థం వస్తుంటే ఇంకో ముక్క కొట్టేయండి, ఏ అర్థమూ రాకపోతే ఒక ముక్క తిరిగి పెట్టండి.

నిడివి విషయంలో కఠినంగా ఉండండి. ఒక్కో ఆలోచన లైను పైకి చదివితే 4 సెకన్లు దాటకూడదు. ఎపిసోడ్ మొత్తం మీద 90 సెకన్లు దాటితే మీరు మనసు చదివే కథ నుంచి వ్యాఖ్యానం చదివే కథలోకి జారిపోయినట్టే.

ఉద్వేగాలు మాత్రమే అందే పాత్ర అయితే ప్రమాదం వేరు. ఎదుటివాడు కోపంగా బల్ల గుద్దాక "అతను కోపంగా ఉన్నాడు కెప్టెన్" అనడం. డయానా ట్రాయ్ మీద చాలా జోకులు ఇలాంటి లైన్ల వల్లే పుట్టాయి. తెర మీద కనపడేదాన్ని ఆ పాత్ర మళ్లీ చెప్పకూడదు. కనపడేదానికి ఎదురు చెప్పాలి, లేదా దిశ చెప్పాలి. "కోపం కాదు, భయం. మనమంటే కాదు, తన వెనక నిలబడ్డవాళ్లంటే." ఈ రెండో రకం లైను తర్వాత కెప్టెన్ వేరే నిర్ణయం తీసుకుంటాడు. లైను విన్నాక ఎవరి నిర్ణయమూ మారకపోతే దాన్ని తీసేయండి.

4. అడ్డుకోవడానికి దారులు పెట్టండి

"ఆలోచించకుండా ఉండు" అన్న సలహా పనిచేయదు. మనస్తత్వవేత్త డానియెల్ వెగ్నర్ 1987లో ప్రచురించిన ప్రయోగంలో తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నారు, తలపుకు వస్తే గంట మోగించమన్నారు. గంట మోగుతూనే ఉంది. పైగా తర్వాత ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్ల కంటే వీళ్లే ఎక్కువ ఆలోచించారు. అంటే రహస్యాన్ని బలవంతంగా నొక్కిపెట్టిన మీ పాత్ర విచారణ గదిలో తట్టుకున్నా, బయటికొచ్చి ఊపిరి పీల్చుకున్న క్షణంలో దొరికిపోతాడు. సీన్‌ను కారిడార్ దాకా పొడిగించండి, టెలిపాత్‌ను అక్కడ నిలబెట్టండి.

పద్యమో ఎక్కమో మనసులో వల్లించడం సైన్స్ ఫిక్షన్‌లో పాత చిట్కా. దానికి కొంత ఆధారం ఉంది. ఒకే మాటను పదే పదే అంటూ ఉంటే లోపలి మాటను పట్టి ఉంచే జ్ఞాపకశక్తి నిండిపోతుందని మనస్తత్వవేత్త బాడ్లీ బృందం 1970ల నుంచి చూపించింది. అయితే నిండేది మాటల భాగమే. బొమ్మలకు వేరే చోటు ఉంది. కాబట్టి నియమం ఇలా పెట్టండి: వల్లింపు మాటలను కప్పుతుంది, బొమ్మలను కప్పదు. బొమ్మల్లో ఆలోచించే పాత్ర ఎక్కం చదువుతున్నా దొరికిపోతాడు. రెండో అడుగులో రాసుకున్న పట్టిక ఇక్కడ పనికొస్తుంది.

శక్తికి బదులు యంత్రం పెడుతున్నారా? 2023లో టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్ బృందం ప్రచురించిన ఫలితాలు దగ్గర పెట్టుకోండి. మెదడులో రక్తప్రసరణను ఎమ్ఆర్ఐ స్కానర్‌తో చూసి, మనిషి వింటున్న కథ సారాన్ని కంప్యూటర్ మాటల్లో పెట్టింది. అయితే అప్పుడు ఒక్కొక్కరికి 16 గంటల శిక్షణ కావాల్సి వచ్చింది. ఒకరి మీద శిక్షణ పొందిన నమూనా ఇంకొకరి మీద పనిచేయలేదు. స్కానర్‌లో ఉన్న మనిషి జంతువుల పేర్లు తలుచుకున్నా, మనసులో వేరే కథ చెప్పుకున్నా యంత్రం తడబడింది. "నాకింకా డ్రైవింగ్ లైసెన్స్ లేదు" అన్న మాట "ఆమె ఇంకా డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలే పెట్టలేదు" అన్నట్టు బయటికొచ్చింది. నేను అన్నది ఆమె అయింది! నేర విచారణ కథలో ఇంతకంటే మంచి పొరపాటు ఊహించి రాయడం కష్టం.

5. ఎవరికేం తెలుసో చిట్టా రాయండి

ప్రతి సీన్‌కు మూడు గడులు: ప్రేక్షకుడికి తెలిసింది, టెలిపాత్‌కు తెలిసింది, మిగతావాళ్లకు తెలిసింది. సీన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నింపండి. మొదటికీ చివరికీ ఏ గడీ మారకపోతే ఆ సీన్‌లో మనసు చదవడం అలంకారమే. మూడు గడులూ ఒకటైపోతే ఉత్కంఠ అయిపోయినట్టు. అది ఎపిసోడ్ ఆఖర్లోనే జరగాలి.

ఆలోచనను ప్రేక్షకుడికి వినిపించాలా, విన్న టెలిపాత్ మొహం మాత్రం చూపించాలా? మొహం చూపించడం బలమైనది, కానీ అప్పు చేయడం లాంటిది. అప్పటిదాకా అన్నీ వినిపించి ఒక్క కీలకమైన తలపును మాత్రం దాచారంటే చూసేవాళ్లు దగాపడ్డామనుకుంటారు. మొదటి ఎపిసోడ్ నుంచే కొన్ని వినిపించి కొన్ని మొహంతో సరిపెట్టండి. ఏది ఎందుకన్నదానికి ఒక నియమం పెట్టుకోండి. ఉదాహరణకు, టెలిపాత్ కావాలని విన్నవి వినిపిస్తాయి, చెవిన పడ్డవి వినిపించవు.

టెలిపాత్‌కు తెలియడం ఒక ఎత్తు, ఎలా తెలిసిందో చెప్పలేకపోవడం ఇంకో ఎత్తు. 2006లో మొదలైన 'హీరోస్'లో పోలీసు ఉద్యోగి మాట్ పార్క్‌మన్ హత్య జరిగిన ఇంట్లో దాక్కున్న పాపను, ఆమె తలపులు విని కనిపెడతాడు. బయటివాళ్లకు తెలియని హంతకుడి పేరు కూడా అతని నోట వస్తుంది. వెంటనే అనుమానం అతని మీదే పడుతుంది. విన్నదాన్ని రుజువుగా మార్చే దారి వెతుక్కోవడమే టెలిపాత్ పోలీసుకు నిజమైన పని. ఆ దారి మీద కథ నడిపితే "చదివేయొచ్చుగా" అన్న ప్రశ్నే రాదు.

6. చుట్టూ ఉన్న లోకం ఏం చేసిందో తేల్చండి

మనసు చదివేవాళ్లు ఉన్న సమాజం వాళ్లను అలా వదిలేయదు. ఈ పనిని టీవీలో అందరికంటే శ్రద్ధగా చేసింది 1994 నుంచి 1998 దాకా నడిచిన 'బాబిలాన్ 5'. అందులో టెలిపాత్‌లకు పి1 నుంచి పి12 దాకా శ్రేణులున్నాయి. వ్యాపార చర్చల్లో కూర్చునే టాలియా వింటర్స్‌ది పి5, టెలిపాత్‌లను అదుపులో ఉంచే సంస్థ సై కోర్‌లో పోలీసు అయిన బెస్టర్‌ది పి12. శక్తి ఉన్నట్టు తేలినవాళ్లకు మిగిలే దారులు: సై కోర్‌లో చేరడం, జైలుకు పోవడం, లేదా జీవితాంతం శక్తిని మొద్దుబార్చే మందు ఎక్కించుకోవడం. కోర్‌లో చేరినవాళ్లు చేతికి తొడుగులు, ఒంటి మీద బ్యాడ్జి వేసుకోవాలి. మందు దారి పట్టిన తల్లి ఆత్మహత్య చేసుకోవడం వల్ల ఇవనోవా అనే అధికారి టాలియాతో తొలిరోజు నుంచే ముభావంగా ఉంటుంది. శ్రేణి అంకె, తొడుగు, మందు: ఈ మూడు వస్తువుల్లోంచి ఎన్ని సీన్లు పుట్టాయో గమనించండి. అన్నీ తెర మీద కనపడేవే, ఏదీ వివరించే పనిలేనివే.

మీ లోకం కోసం వేసుకోవాల్సిన ప్రశ్నలు: విన్నది కోర్టులో చెల్లుతుందా? పెళ్లిచూపుల్లో, ఉద్యోగ ఇంటర్వ్యూలో, ఎన్నికల్లో ఏం మారింది? టెలిపాత్‌ల జీతం ఎవరిస్తారు? పిల్లల మనసు చదవొచ్చా? ఊహకు ఆధారం కావాలంటే వాస్తవంలోనూ ఉంది: చిలీ దేశం 2021లో మెదడు కార్యకలాపాలకు, దాని సమాచారానికి రక్షణ కల్పిస్తూ రాజ్యాంగాన్నే సవరించింది.

అనుమతి లేకుండా లోపలికి దూరడాన్ని హాస్యానికి వాడే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఒక ఎపిసోడ్‌లో సరదాగా చదివి, ఇంకో ఎపిసోడ్‌లో అదే పనిని దాడిగా చూపిస్తే మీ నాయికే నేరస్థురాలవుతుంది. అది కావాలని చేస్తే గొప్ప కథ. తెలియక చేస్తే గోల.

7. చిత్రీకరణకు, శబ్దానికి సరిపడేలా స్క్రిప్టు తయారుచేయండి

పాత్ర పేరు పక్కన "ఆలోచన" అని విడిగా గుర్తు పెట్టండి. మామూలు వాయిస్ ఓవర్ గుర్తునే వాడితే సౌండ్ విభాగం దాన్ని కథనంలా రికార్డు చేస్తుంది. సెట్‌లో ఆ లైన్లను ఎవరో ఒకరు కెమెరా వెనక నుంచి చదవాలి. లేకపోతే విన్నట్టు నటించే నటి ఒక్కోసారి ఒక్కో చోట స్పందిస్తుంది, ఎడిటింగ్‌లో కలవవు. ఆలోచించే నటుడి క్లోజప్‌ను లైను నిడివి కంటే 3 సెకన్లు ఎక్కువ తీయమని దర్శకుణ్ని అడగండి.

కణతకు వేళ్లు పెట్టుకోవడం, కళ్లు సగం మూయడం వద్దు. దాని బదులు టెలిపాత్‌కు ఒక రోజువారీ అలవాటు ఇవ్వండి: గుంపులో గోడ వైపు నిలబడటం, ఎదుటివాళ్లు అడగబోయేదానికి ముందే జవాబిచ్చి నాలుక కరుచుకోవడం.

ఆలోచన గొంతును మైకుకు చాలా దగ్గరగా, అరచేతి వెడల్పు దూరంలో, మెల్లగా రికార్డు చేయించండి. ఊపిరి శబ్దం ఉండకూడదు. ప్రతిధ్వని కలపకండి, వినేవాళ్లు అది కలనో గతమో అనుకుంటారు, మాట కూడా మసకబారుతుంది. ఆలోచన వచ్చేటప్పుడు పరిసరాల శబ్దాన్ని 6 డెసిబెల్స్ దాకా తగ్గిస్తే తేడా తెలిసిపోతుంది. ఆలోచన ఏ స్పీకర్‌లోంచి వస్తుందన్నదాని మీద మాత్రం ఆధారపడకండి. ఫోన్ స్పీకర్‌లో అన్నీ ఒకటే, కాబట్టి ఫైనల్ మిక్స్‌ను ఒకసారి ఫోన్‌లో వినండి.

ఇద్దరు టెలిపాత్‌లు మాట్లాడుకునే సీన్ అన్నిటికంటే కష్టం: ఇద్దరు మనుషులు నోరు మూసుకుని అర నిమిషం చూసుకుంటారు. 2015లో వచ్చిన 'సెన్స్ ఎయిట్' వేరే దారి పట్టింది. మనసులు కలిసిన ఎనిమిది మంది వేర్వేరు నగరాల్లో ఉంటారు, కానీ తెర మీద ఒకరు ఇంకొకరి గదిలోనే నిలబడి నోటితోనే మాట్లాడతారు. ఖర్చు ఎక్కువ, నటనకు మాత్రం చక్కటి చోటు. అంత ఖర్చు పెట్టలేకపోతే, మూడోమనిషిని సీన్‌లో పెట్టి అతనికి వినిపించే పైమాట ఒకటి, లోపలి మాట ఇంకొకటి నడిపించండి.

సబ్‌టైటిల్స్‌లో ఆలోచనకు వాలు అక్షరాలు వాడటం అలవాటు. అన్ని లిపుల్లోనూ అవి సరిగ్గా కనపడవు. పేరు పక్కన "ఆలోచన" అని రాయడమే భద్రం.

8. స్క్రిప్టు ఖరారు చేసేముందు

ఆలోచన లైన్లన్నీ కాగితంతో కప్పి ఎపిసోడ్ చదవండి. కథ పూర్తిగా అర్థమైతే ఆ లైన్లు అనవసరం. ఏమీ అర్థం కాకపోతే పాత్రలు పైకి చేయాల్సిన పనిని మనసు మీద వేసేశారు. తర్వాత నియమాల పేజీని ఈ ఎపిసోడ్ రాయని ఒకరి చేతికిచ్చి, "నువ్వే టెలిపాత్‌వి, రెండో సీన్‌లో ఏం చేస్తావు?" అని అడగండి. అతను మీ రహస్యాన్ని ఐదు నిమిషాల్లో బయటపెడితే పేజీలో కొత్త మినహాయింపు రాయకండి. ఆ రహస్యాన్ని నిజంగానే రెండో సీన్‌లో బయటపెట్టేసి, తెలిశాక ఏం చేయాలన్నది మూడో సీన్ నుంచి రాయండి.